కనుబొమల శస్త్రచికిత్స.. ముందు నిజం చెప్పాలి, తరువాత ఓపిక పట్టాలి

* వాడే మందులు దాస్తే ముప్పు
* మొదటి రెండు వారాలే కీలకం

వయసు పెరిగేకొద్దీ నుదుటి చర్మం, దాని కింది కండరాలు పట్టు సడలి కనుబొమలు కిందికి జారుతాయి. ముఖం ఎప్పుడూ అలసటగానో, కోపంగానో ఉన్నట్లు కనిపిస్తుంది. కొందరిలో ఆ బరువు పై రెప్పమీద పడి చూపునకు సైతం అడ్డు తగులుతుంది. దీనిని సరిచేసే శస్త్రచికిత్సనే బ్రో లిఫ్ట్ అంటారు. ఆపరేషన్ గంట, రెండు గంటల్లో ముగుస్తుంది. ఫలితం మాత్రం అంతకు ముందు నెల రోజులు, ఆ తరువాత రెండు వారాలు రోగి ఎలా నడుచుకున్నారన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పూర్వం ఒక చెవి నుంచి మరో చెవి వరకు తలమీదుగా పొడవైన గాటు పెట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా జుట్టు చాటున మూడు నుంచి ఐదు చిన్న గాట్లు పెట్టి, సన్నని కెమెరా గొట్టం సాయంతో కణజాలాన్ని పైకి లేపి బిగిస్తున్నారు.

వాలింది కనుబొమా? రెప్పా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. కనుబొమ యథాస్థానంలో ఉండి రెప్ప మాత్రమే వాలితే చికిత్స వేరు. ఉదయం బాగుండి సాయంత్రానికి రెప్ప వాలిపోతుంటే అది మయస్థీనియా అనే నరాల, కండరాల వ్యాధి కావచ్చు. హఠాత్తుగా ముఖం ఒకవైపు జారి, మాట తడబడినా, చేయి పట్టు తప్పినా అది పక్షవాత లక్షణం. అప్పుడు అందం సంగతి పక్కనపెట్టి వెంటనే 108కు ఫోన్ చేయాలి.

వైద్యుని ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ పట్టా ఉన్నదీ లేనిదీ, రాష్ట్ర వైద్య మండలిలో నమోదు సంఖ్య ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. వర్క్‌షాపుల్లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది సౌందర్య శస్త్రచికిత్సలకు తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. మత్తు వైద్యుడు, అత్యవసర సదుపాయాలు లేనిచోట ఆపరేషన్‌కు అంగీకరించరాదు.

ఏదీ దాచరాదు

రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారిలో ఆపరేషన్ తరువాత చర్మం కింద రక్తం గూడు కట్టే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్‌తోపాటు మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు, చేపనూనె గొట్టాలు, విటమిన్ ఇ, నాటు మందుల గురించి కూడా వైద్యునికి చెప్పాలి. అయితే గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు ఆస్పిరిన్‌ను సొంతంగా మానరాదు. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పు. ఏది ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో గుండె వైద్యుడే నిర్ణయించాలి.

చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కాలను కనీసం నాలుగు వారాల ముందే మానాలి. నికోటిన్ రక్తనాళాలను కుదించడం వల్ల గాయం మానదు, గాటు పక్కన జుట్టు రాలిపోవచ్చు. మధుమేహం, రక్తపోటు అదుపులో ఉండాలి. కళ్లు పొడిబారే సమస్య ఉంటే ముందే తెలపాలి.

మత్తు ఇచ్చే సమయానికి ఆరు గంటల ముందు నుంచి ఆహారం మానాలి. నూనె పదార్థాలు, మాంసాహారం అయితే ఎనిమిది గంటలు. పాలు కలిపిన టీ కూడా ఆహారం కిందే లెక్క. మంచినీళ్లు మాత్రం వైద్యుడు అనుమతిస్తే రెండు గంటల ముందు వరకు తాగవచ్చు.

ఇంటికి వచ్చాక..

ఈ చికిత్స ఎక్కువగా నగరాల్లోనే లభిస్తున్నందున జిల్లాల నుంచి వెళ్లేవారు మర్నాడే బస్సెక్కకుండా రెండు మూడు రోజులు ఆసుపత్రికి అందుబాటులో ఉండటం మేలు. రెండు దిండ్లపై తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. తొలి రెండు రోజులు గుడ్డలో చుట్టిన మంచుతో మెల్లగా అద్దాలి. వేడి కాపడం పెట్టరాదు. గాట్లపై పసుపు, నూనె రాయరాదు.

రెండు మూడు రోజులకు వాపు, కమిలిన నలుపు కళ్ల చుట్టూ దిగుతాయి. ఇది సహజమే, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. కుట్లు సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తీస్తారు. తేలికపాటి పనులకు రెండు వారాలు, పొలం పనులు, బరువులెత్తడం, తలపై గంప మోయడానికి కనీసం నాలుగు వారాలు ఆగాలి. హెల్మెట్ గాట్లపై ఒత్తుతుంది. అలాగని హెల్మెట్ లేకుండా బండి నడపరాదు. వైద్యుడు అనుమతించేవరకు ద్విచక్ర వాహనానికే దూరంగా ఉండాలి. తలనీలాల మొక్కు ఉన్నవారు గాట్లు పూర్తిగా మానేవరకు వాయిదా వేసుకోవాలి.

మాడుపై తిమ్మిరి, దురద కొన్ని నెలలు ఉండవచ్చు. ఆ కాలంలో స్పర్శ సరిగా తెలియదు కనుక మరీ వేడినీళ్లతో తలస్నానం చేస్తే చర్మం కాలే ప్రమాదముంది.

ఈ లక్షణాలుంటే ఆగరాదు

ఒకవైపే వాపు ఒక్కసారిగా పెరగడం, మందులకు లొంగని నొప్పి, చూపు మసకబారడం, జ్వరం, గాటు నుంచి చీము, కన్ను పూర్తిగా మూయలేకపోవడం, ఒకవైపు నుదురు కదలకపోవడం.. వీటిలో ఏది కనిపించినా ఉదయం చూద్దామనుకోకుండా అప్పుడే ఆసుపత్రిని సంప్రదించాలి. ఆసుపత్రి ఫోన్ నంబరును రోగి వద్దనే కాక ఇంట్లోవారి వద్ద కూడా ఉంచాలి.

కేవలం అందం కోసం చేయించుకునే శస్త్రచికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. మందులు, మళ్లీ చూపించుకునే ప్రయాణాల ఖర్చును ముందే లెక్క వేసుకోవాలి. ఇంట్లో పెళ్లి ఉంటే కనీసం ఆరు వారాల ముందే చికిత్స ముగించుకోవాలి. పూర్తి ఫలితం తెలిసేందుకు కొన్ని నెలలు పడుతుంది.