నూకలు – చిల్లర గింజ కాదు, మంచి తిండి



పెద్ద గండం గడిచి బయటపడిన మనిషిని చూచి మనం ఏమంటాం? “వానికింకా భూమ్మీద నూకలున్నాయి” అంటాం. చూశారా! మన పెద్దలు మనిషి ఆయుస్సును నూకలతో కొలిచారు. అంతటి నూకకు ఈనాడు మన యిళ్లలో ఏపాటి మర్యాద ఉన్నది? మిల్లులో వడ్లు ఆడించగా వచ్చిన నూకలను కోళ్లకు చల్లుతున్నాము. పోనీ, యింట్లో తిందామంటే అమ్మకానికి పనికిరాని గింజను ఏరి నూక పట్టిస్తున్నాము. ఈ రెండూ పొరపాట్లే. ఎందుకో చెప్పుకొందాము.

అసలు నూక అంటే ఏమిటి? గింజను తిరగలిలో వేసి విసిరి జల్లిస్తే మూడు రకాలు వస్తాయి. మెత్తగా దిగేది పిండి. సన్నని పలుకుగా ఉండేది రవ. జల్లెడ మీద ముతకగా నిలిచేది నూక. బియ్యానికే కాదు, జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, అన్నింటికీ నూక కలదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు వాన తక్కువ నేలలు. చెరువు క్రింద మడి ఉన్నవారికే వరి. మిగిలినవారికి రాగి, కొర్ర, జొన్న. అందువలన మన అవ్వలు ఒక ఉపాయం పట్టారు. పిడికెడు బియ్యపు నూకను రాగిపిండితో కలిపి యింటిల్లిపాదికీ సంగటి చేశారు. ఎట్లాగంటే – ఒక గిద్దె నూకకు నాలుగైదు గిద్దెల నీళ్లు ఎసరు పెట్టాలి. నూక మెత్తగా ఉడికిన తరువాత, ఒక గిద్దె రాగిపిండిని నడిమధ్యన కుప్పగా పోయాలి. అప్పుడే కెలకరాదు. మూత పెట్టి, సన్నని సెగ మీద పిండిని ఆవిరికి మగ్గనివ్వాలి. ఆ తరువాత కట్టెతో ఉండలు లేకుండా బాగా కెలికి, చేయి తడి చేసికొని ముద్దలు కట్టాలి. ప్రక్కన ఉలవల పులుసో, పుంటికూర పప్పో, చెనిక్కాయల ఊరుబిండో ఉంటే యిక చెప్పవలసినదేమున్నది? మిగిలిన ముద్దను రాత్రి నీళ్లలో వేసి, తెల్లవారి మజ్జిగ, ఎర్రగడ్డ కలుపుకొని తాగితే ఆ పూటకు అదే చద్ది. సరిహద్దు దాటితే కన్నడిగులు పిండితోనే చేసి రాగిముద్ద అంటారు.

రాగిలో సున్నపు సత్తువ మెండు. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది పది చుట్టుప్రక్కల మాత్రమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత పేదింట కూడా మూడు పూటలా వరి అన్నం ఉడికింది. ఆకలి తీరిన మాట నిజమే. కాని ఆ వెంట రాగి, కొర్ర పళ్లెంలోంచి జారిపోయాయి.

ఈ నూక తిండి మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్న నూకను “గ్రిట్స్” అంటారు. ఒకటికి నాలుగు పాళ్లు నీళ్లు పోసి జావగా ఉడికించి, ఉప్పు, వెన్న వేసికొని ప్రొద్దుటిపూట తింటారు. సముద్రతీరంలో రొయ్యలతో తింటారు. జార్జియా రాష్ట్రం 2002లో దీనిని తమ రాష్ట్రపు వంటకంగా శాసనం చేసింది. వారికి దీనిని నేర్పినవారు అక్కడి ఆదివాసులు. ఆదివాసులు మొక్కజొన్నను బూడిద నీళ్లలోనో, సున్నపు నీళ్లలోనో ఉడికించి పొట్టు తీసేవారు. అందువలన గింజలో బిగిసి ఉన్న నయాసిన్ అనే విటమిన్ వెలికి వచ్చేది. తరువాత వచ్చినవారు గింజను తీసికొన్నారు గాని బూడిదను వదిలేశారు. పేదవారు వట్టి మొక్కజొన్న మీదనే బతికినచోట పెల్లాగ్రా అనే జబ్బు పట్టింది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. మన దక్కను సీమలో జొన్న ఒక్కటే తినే పేదలలోనూ ఇది కనిపించింది. హైదరాబాదు పోషణ పరిశోధనశాలలో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియాగార్లు 1960లో దీనిని గురించి ప్రకటించారు. కాబట్టి గుర్తుంచుకోండి: నూకకు తోడు ఉండాలి. పప్పు, ఆకుకూర, చెనిక్కాయలు, మజ్జిగ – వీటిలో ఏదో ఒకటి లేకుండా వట్టి సంగటి పెట్టరాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. మంచి గింజ మండీకి, చిల్లర గింజ యింటికి – ఇది మనలో చాలామందికి అలవాటు. మొక్కజొన్న వానకు తడిసి బూజు పట్టితే, దానినే నూక పట్టిస్తే కనబడదులే అనుకొంటాము. అది విషం! ఆ బూజులో ఆఫ్లటాక్సిన్ పుడుతుంది. కడిగినా పోదు, ఉడికించినా పోదు. 1974లో గుజరాతు, రాజస్థాన్ పల్లెలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని, కామెర్లు కమ్మి, నూరుమందికి పైగా చనిపోయారు. వారి నూకలు ఆ నూకతోనే చెల్లిపోయాయి. అట్టి గింజను పాడి పశువుకు పెట్టినా విషం పాలలోకి దిగుతుంది. గుంట తీసి పూడ్చండి. చెనిక్కాయలకూ ఇదే వర్తిస్తుంది.

కండెలను వట్టి నేల మీద గాక పట్టా మీద ఆరబోయండి. గింజ పంటి క్రింద టక్కున విరగాలి. తేమ నూటికి పన్నెండు పాళ్లకు దిగిన తరువాతనే మూటకట్టండి. మొక్కజొన్న నూక కావలెనంటే, గింజకు కాస్త తడి చల్లి, పావుగంట ఉంచి, రోటిలో తేలికగా దంచితే పొట్టు ఊడుతుంది. చేటతో చెరిగి, నీడన ఆరనిచ్చి, తిరగలి ఎత్తి ముతకగా విసరండి. గింజ మొలకలో నూనె ఉన్నది. నూక నిలవ ఉంటే చిక్కువాసన కొడుతుంది. కాబట్టి వారానికి సరిపడా మాత్రమే పట్టుకోండి. రాత్రి నానవేస్తే ప్రొద్దున త్వరగా ఉడుకుతుంది.

గ్రామాలలో తిరిగే వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. ఎకరాకు ఎన్ని బస్తాలు పండినవని అడగండి, మంచిదే. దానితోపాటు యింటికని ఏ గింజ ఉంచుకొన్నారని కూడా అడగండి. వీలైతే ఆ మూట విప్పించి, ఒక గుప్పెడు గింజ అరచేతిలో పోసి చూడండి. రైతు ఏమి తింటున్నాడో అక్కడే తెలుస్తుంది.

అమ్మే మూటలో ఏ గింజ పోస్తారో, పిల్లల ముద్దకూ ఆ గింజే తీసి ఉంచండి. భూమ్మీద మన నూకలు పదికాలాలపాటు ఉండవలెనంటే, ముందు కుండలోని నూక మంచిదై ఉండాలి.