సాఫ్ట్‌వేర్ ఉచితం సరే, మరమ్మతు ఎవరి బాధ్యత?

భిలాయి: ఉక్కు కర్మాగారాన్ని ఆశ్రయించుకుని చిన్నతరహా ఇంజనీరింగ్ పరిశ్రమలు భిలాయి చుట్టూ విస్తరించి వున్నాయి. షాఫ్టు కానివ్వండి, గేరు కానివ్వండి, ఏ విడిభాగం చేయాలన్నా ముందు డ్రాయింగు కావాలి. ఒకప్పుడు బోర్డు మీద పెన్సిలుతో సాగిన ఈ పని ఇప్పుడు కంప్యూటరు మీదికి మారింది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఏటా లైసెన్సు రుసుము చెల్లించడం నలుగురైదుగురు పనివారితో నడిచే వర్క్‌షాపుకు తలకు మించిన భారం. అటువంటి వారికి ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వరప్రసాదంగా తోచడం సహజం. అయితే అది మొరాయించిన రోజున ఎవరిని అడగాలన్నదే అసలు చిక్కు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా పెట్టేవారెవరో తెలియదు. ఫోను చేయడానికి కార్యాలయం వుండదు. ఫిర్యాదు నమోదు చేస్తే నెలల తరబడి సమాధానం రాకపోవచ్చు. వచ్చినా ‘కొత్త వెర్షన్‌లో ప్రయత్నించండి’ అనో, ‘సోర్స్ కోడ్ మీ చేతిలోనే వుంది కదా, సరిచేసి పంపండి’ అనో రావచ్చు. కోడ్ రాయడం తెలియని వర్క్‌షాపు యజమానికి ఈ రెండో సమాధానం అక్కరకు రాని చుట్టం వంటిది. ఈలోగా ఆర్డరు గడువు దాటిపోతుంది.

ఫ్రీకాడ్ ఉదంతం

యంత్రభాగాల రూపకల్పనకు ఉపయోగపడే ఫ్రీకాడ్ చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. ఈ సాఫ్ట్‌వేర్ 2002లో తొలిసారి వెలువడింది. ఇందులో ఒక లోపం వినియోగదారులను ఏళ్ల తరబడి వేధించింది. ఒక ఇనుప దిమ్మెను గీసి, దాని పైముఖం మీద రంధ్రం పెట్టామనుకుందాం. తర్వాత వెనక్కి వెళ్లి దిమ్మె ఆకారాన్ని కొద్దిగా మార్చితే, సాఫ్ట్‌వేర్ ముఖాలకు లోలోపల ఇచ్చుకున్న సంఖ్యలు తారుమారయ్యేవి. దానితో రంధ్రం మరో ముఖానికి పోయేది, లేదా మొత్తం నమూనాయే చెడిపోయేది. దీనికి పరిష్కారాన్ని ఒక స్వచ్ఛంద రూపకర్త తన ప్రత్యేక ప్రతిలో ముందే సిద్ధం చేశారు. కానీ అంత పెద్ద మార్పును పరిశీలించి అసలు సాఫ్ట్‌వేర్‌లో చేర్చడానికి తగినంత మంది లేరు. చివరకు 2024 నవంబరులో వెలువడిన 1.0 వెర్షన్‌తో ఆ బాధ చాలావరకు తీరింది. సాఫ్ట్‌వేర్ పుట్టుకకూ 1.0 వెర్షన్‌కూ మధ్య 22 ఏళ్లు గడిచాయి.

హామీ లేని లైసెన్సు

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకే రెండు అర్థాలు వుండడం ఈ అపోహకు కొంత కారణం. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఈ రంగంలో పనిచేస్తున్న హైదరాబాద్ సంస్థ ‘స్వేచ్ఛ’ అన్న పేరే పెట్టుకోవడం గమనార్హం. 1983లో ‘గ్నూ’ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ కోరింది వినియోగదారుడికి సోర్స్ కోడ్‌ను చూసే, మార్చే, పంచే హక్కు మాత్రమే. ఆయన రూపొందించిన జీపీఎల్ లైసెన్సులో ఎటువంటి హామీ లేదన్న నిబంధన స్పష్టంగా వుంది. కనుక మరమ్మతు చేయలేదని రూపకర్తను నిలదీసే అవకాశం చట్టరీత్యా లేదు.

నాణేనికి రెండోవైపు

రూపకర్తల గోడు కూడా తక్కువేమీ కాదు. ఇంటర్నెట్ లావాదేవీలకు రక్షణ కల్పించే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడినప్పుడు, ఆ ప్రాజెక్టుకు ఏటా అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని, పూర్తికాలం పనిచేసేది ఒక్కరేనని ప్రపంచానికి తెలిసింది.

ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉదంతం మరింత ఆందోళనకరం. దీన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా నిర్వహించిన లాసే కొలిన్‌పై 2022లో ఒత్తిడి పెరిగింది. పని ఆలస్యమవుతోందని, మరొకరికి అప్పగించాలని కొందరు పదేపదే నిలదీశారు. ఇది జీతం లేకుండా చేస్తున్న పని అని ఆయన మొరపెట్టుకున్నారు. సహాయకుడిగా చేరి నమ్మకం సంపాదించిన ‘జియా టాన్’ అనే పేరుగల వ్యక్తి, 2024 ఆరంభంలో అందులో రహస్య దొడ్డిదారిని అమర్చాడు. లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న ఆ గుట్టు రట్టు చేయడంతో పెనుప్రమాదం తప్పింది. వినియోగదారుల అసహనం సైతం కుట్రదారులకు ఆయుధం కాగలదని ఈ ఉదంతం చాటింది.

పెద్ద సంస్థ అండ వుంటే చాలునన్న ధీమా కూడా చెల్లదు. సెంటోస్ 8కు 2029 వరకు తోడ్పాటు లభిస్తుందని నమ్మినవారికి, 2021 చివరితోనే అది ముగుస్తుందని 2020 డిసెంబరులో తెలియజేశారు.

భిలాయి నేర్పిన పాఠం

ఈ సమస్యకు జవాబు భిలాయి చరిత్రలోనే వుంది. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం మేరకు ఈ కర్మాగారం రూపుదిద్దుకుంది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. యంత్రాలతో పాటు నిపుణులు వచ్చారు, మన ఇంజనీర్లు అక్కడికి వెళ్లి శిక్షణ పొందారు. దేశం నలుమూలల నుంచి, తెలుగునాట నుంచి కూడా వచ్చిన కార్మికులు ఇక్కడే పని నేర్చుకున్నారు. పది లక్షల టన్నులతో మొదలైన సామర్థ్యం క్రమంగా 40 లక్షల టన్నులకు పెరిగింది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనా ఇక్కడి కొలిమి ఆరలేదు. రైల్వేలకు పట్టాలు అందుతూనే వున్నాయి. పరిజ్ఞానం ఇచ్చినవారు దూరమైనా నిలబడగలిగేది మరమ్మతు విద్య చేతికి వచ్చినవారే.

సోర్స్ కోడ్ కూడా అటువంటి డ్రాయింగే. చదవగలిగినవాడు దగ్గర వుంటేనే దానికి విలువ. కేరళ పాఠశాలల్లో గ్నూ-లైనక్స్ నిలదొక్కుకోవడానికి కారణం, ఉపాధ్యాయులకు శిక్షణ, తోడ్పాటు ఇవ్వడానికి ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థ వుండడమే. భిలాయిలో 2016లో ఏర్పడిన ఐఐటీ వుంది, సాంకేతిక విశ్వవిద్యాలయం వుంది. పది వర్క్‌షాపులు కలిసి లైసెన్సుల మీద మిగిలిన సొమ్ములో కొంత వెచ్చించి శిక్షణ పొందిన ఒక యువకుడిని నియమించుకుంటే, సగం చిక్కులు ఇక్కడే తీరుతాయి. తీరనివాటిని వెర్షన్, చెడిన ఫైలు, చేసిన పని వరుస సహా ఆయన రూపకర్తలకు నివేదిస్తే సమాధానం లభించే అవకాశం మెరుగవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ వినియోగానికి ప్రాధాన్యమిస్తూ విధానం ప్రకటించింది. ఇటువంటి ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు ఇస్తామని జెరోధా సంస్థ 2024లో ముందుకు వచ్చింది. వాడుకునే చేయి కొంతైనా ఇచ్చే చేయి కావడం అవసరం. ఉచితమన్నది ధర మాత్రమే. నిర్వహణ ఖర్చును ఎవరో ఒకరు భరించక తప్పదు.