టి-కణాలకూ పగ్గాలుంటాయి!

"మన ఒంట్లనే కాపలా ఉంటదంటరు గదా, మరి క్యాన్సర్‌ను ఎట్ల రానిచ్చింది?"

ఉట్నూర్‌లో మా పక్కింటి అత్తమ్మ అడిగిన ప్రశ్న ఇది. తంబాకు నమిలే ఆమె చెల్లెలికి నోటి క్యాన్సర్ అని అప్పుడే తేలింది. నేను ఎడ్లబండితో పోల్చి చెప్పాను.

మన రక్తంలోని టి-కణాలు కాపలా సైనికులు. శత్రువును గుర్తించగానే ఆ కణం లోపల "పద, కొట్టు" అనే సంకేతం ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కు అందుతూ పోతుంది. కానీ ఎద్దులకు పగ్గం లేకపోతే బండి ఏమవుతుంది? అందుకే ఈ కణాల మీద పగ్గాల్లాంటి గ్రాహకాలూ ఉంటాయి. సీటీఎల్ఏ-4 అనేది "పద" అనే సంకేతానికి అవసరమైన పిడిని తానే పట్టేసుకుంటుంది. పీడీ-1 అనేది లోపలికి ఒక ఎంజైమ్‌ను రప్పించి, అప్పటికే మొదలైన సంకేతాన్ని చల్లారుస్తుంది. ఈ అదుపు తప్పితే సైనికులు మన కీళ్లనూ, థైరాయిడ్‌నూ కొడతారు. ఇలాంటి జబ్బులు మగవాళ్లకన్నా మన ఆడవాళ్లకే ఎక్కువ.

క్యాన్సర్ చేసే మోసం ఇక్కడే ఉంది. అది పీడీ-1 పగ్గాన్ని పట్టి లాగుతుంది. సైనికుడు ఎదురుగా ఉండీ చెయ్యెత్తడు! ఈ పగ్గాలను విప్పి క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చని చూపినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

అలా విప్పే మందుల్లో నివోలుమాబ్ ఒకటి. మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. ఆ ఖర్చు మనబోటి వాళ్లు భరించలేనిది. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులకు నోటి మాత్రలతోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తర్వాత బతికున్నవారు 16 శాతం. ఈ మందు కూడా తీసుకున్నవారిలో 43 శాతం. 2022లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

అయితే పగ్గం వదిలితే ఇబ్బందులూ ఉన్నాయి. విరేచనాలు, దద్దుర్లు, ఆయాసం, థైరాయిడ్ తేడాలు రావచ్చు. కీళ్లవాతం, లూపస్ వంటివి ఇప్పటికే ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

అన్నిటికన్నా ముందు తంబాకు, గుట్కా మానండి. నోట్లో పుండు గానీ, తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ రెండు వారాలైనా తగ్గకపోతే ఇంటి పనులు పక్కనపెట్టి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి. నొప్పి లేదు గదా అని ఊరుకోకండి. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు.