పేదల వాడల బాగు – వాసుల తోడ్పాటు



పట్టణముల యంచులయందు అనుమతి లేకయే వెలసిన పేదల వాడలను బాగుచేయుటకు ప్రభుత్వములును, ధర్మసంస్థలును పూనుకొనునప్పుడు అందలి జనులు దాని నెట్లు స్వీకరింతురు? ఇదియే నేటి ప్రసంగ విషయము. మన పల్లెలనుండి పొట్ట చేతబట్టుకొని పోయినవారు పెక్కండ్రు అట్టి వాడలలోనే కాపురముండుటచే ఇది మనకు దూరమైన సంగతి కాదు.

“మేలు చేయబోయినను వీరు కలిసిరారు” అని అధికారులు విసుగుకొనుట కలదు. అది తొందరపాటు మాట. గుడిసెలోనివాడు మొట్టమొదట తలపోయునది ఒక్కటే: “రేపు నన్నిచ్చటనుండి వెడలగొట్టరు గదా?” ఈ సందేహము తీరనంతవరకు గోడకు సున్నము వేయుటకైనను వానికి చేయి రాదు. జకార్తా నగరమున 1969లో వాడలను ఎత్తివేయక, నడకబాటలు, కాలువలు, నీటికుళాయిలు కల్పించుట కారంభించిరి. ఇక తమ్ము కదలింపరని నమ్మిన వాసులు తమ యిండ్లను తామే బాగుచేసికొనిరి.

రెండవ ప్రశ్న “ఈ పని యెవరిది?” అనునది. దీనికి కరాచీ నగరమునందలి ఓరంగీ వాడ తార్కాణము. అచ్చట సర్కారు భూమిని దళారులు ముక్కలు చేసి అమ్మగా, పేదలు కొని స్వశక్తితో ఇండ్లు కట్టుకొనిరి. కాని మురుగునీరు వీథులలోనే పారుచుండెను. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అను పెద్ద అచ్చటికి వచ్చెను. ఈయన ఐ.సి.యస్. ఉద్యోగమును వదలుకొనినవాడు. జనుల నడుగగా, మురుగు సంగతి సర్కారుదేననియు, ఉచితముగా చేసిపెట్టవలెననియు వారు పలికిరి. సర్కారు లెక్క ప్రకారము చేయింపబోయిన, ఆ ఖర్చు పేదలు భరింపగలది కాదు. పనితీరును సులభపరచి, కంట్రాక్టరుల లాభమును తొలగించి చూడగా, ఖర్చు ఎన్నో రెట్లు తగ్గెను.

అంతట వీథినే ప్రమాణముగా గైకొనిరి. ఇరువది ముప్పది యిండ్లు గల వీథివారు తమలో నొకనిని పెద్దగా నెన్నుకొందురు. అతడు చందాలు వసూలుచేయును. సంస్థవారు కొలతలు తీసి, పటము వ్రాసి, ఖర్చు లెక్కగట్టి, పనిముట్లు ఎరువిత్తురు; డబ్బు మాత్రము ముట్టరు. లెక్క తమ చేతిలోనే యుండుటచే అనుమానమునకు తావు లేకపోయెను. కాంక్రీటు సరిగా కలుపుటయు, తడుపుటయు తెలియక తొలి పనులలో లోపములు కలిగినను, నేర్చుకొని దిద్దుకొనిరి. ఒక వీథిని జూచి మరియొక వీథివారు పూనుకొనగా, కాలక్రమమున ఇంచుమించు లక్ష యిండ్ల మురుగు భూమిలోని గొట్టములలో పారజొచ్చెను. చెరువుకాలువ పూడిక తీయుటకు ఇంటికొకడు కదలివచ్చు ఆచారము నెరిగిన మీకు ఇది వింతగా తోపదు.

అయినను వాసులే సర్వము చేయజాలరు. ఇంటి మరుగుదొడ్డియు, వీథికాలువయు వారివి. నగరపు పెద్దకాలువయు, మురుగునీటి శుద్ధియు ప్రభుత్వమువి. పేదల పూనికను జూపి ప్రభుత్వము తన బాధ్యతను దులుపుకొనరాదు. అద్దెకున్నవాని భయము మరియొకటి: వీథి బాగుపడిన అద్దె పెరుగును, కాలువకు మట్టి మోసిన చేతులే మూట గట్టుకొని పోవలసివచ్చును. వానిని మరచిన బాగు సగము బాగు మాత్రమే.

కావున మీ బిడ్డలున్న వాడకు అట్టి పథకము వచ్చెనేని, మూడు సంగతులు విచారింపుడని వారికి చెప్పుడు: నిలిచియుండు హక్కునకు కాగితమున్నదా? లెక్కలు ఎవరి చేతిలో నున్నవి? పని ముగిసిన పిమ్మట కాలువను శుభ్రపరచువా రెవరు? ఈ మూడింటికి సమాధానము దొరకిన చోట పేదవాడు వెనుదీయడు. దొరకని చోట వాడు వెనుదీసిన, అది కృతఘ్నత కాదు, వివేకము.