రక్తం దారి... లెక్కతో సరి!

మన గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతిసారీ అందులోని నాలుగు కవాటాలూ తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటాయి. వాటిలో ఏదైనా బాగుచేయలేనంతగా పాడైతే కృత్రిమ కవాటం అమర్చాలి. దాని ఆకారం కుదరక రక్తం ఓ మూల నిలిచిపోతే గడ్డకట్టే ప్రమాదం. మరీ ఒరుసుకుంటూ దూసుకుపోతే రక్తకణాలు చితికిపోతాయి. అందుకే ప్రవాహం ఎలా ఉంటుందో ముందే తెలియాలి.

చిక్కంతా అక్కడే! రక్తం తోస్తే కవాటం కదులుతుంది. కవాటం కదిలితే రక్తం దారి మారుతుంది. రెంటినీ ఒకేసారి లెక్కకట్టాలి. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో పీహెచ్‌డీ చేసిన చార్లెస్ పెస్కిన్ 1972నాటి తన థీసిస్‌లో ఈ ముడి విప్పారు.

గళ్ల కాగితంమీద సాగే రబ్బరు దారం వేశారనుకోండి. దారం ఎటు వంగినా గళ్లు మారవు. పెస్కిన్ ఉపాయమూ అదే. రక్తం లెక్కలన్నీ కదలని గళ్లలో జరుగుతాయి. కవాటం దారంలా వాటిమీద కదులుతూ తన బిగువుతో రక్తాన్ని తోస్తుంది. కవాటం కదిలినప్పుడల్లా గళ్లు మళ్లీ గీసే బాధ తప్పింది! తరవాత డేవిడ్ మెక్వీన్‌తో కలిసి ఆయన మొత్తం గుండెకే కంప్యూటర్ నమూనా రూపొందించారు. చేపల ఈతనీ, పురుగులు ఎగిరే తీరునీ కూడా ఈ పద్ధతితో లెక్కిస్తున్నారు.

మరి, కంప్యూటర్ లెక్క నిజమో కాదో తేలేదెలా? ప్రయోగశాలలో ద్రవంలో సన్నని రేణువులు కలిపి, లేజర్ వెలుగులో వెంటవెంటనే ఫొటోలు తీస్తారు. ఒక ఫొటోకీ మరో ఫొటోకీ మధ్య రేణువులు ఎంత జరిగాయో చూస్తే వేగం తెలుస్తుంది. ఆ కొలతతో సరిపోలితేనే లెక్కకి విలువ. ఎందుకంటే, అక్కడ తప్పితే మూల్యం చెల్లించాల్సింది ఓ గుండె!