ఇంటి చుట్టును దిరుగు పాములు – వానిని గుర్తించు విధము

వానలు కురిసి పొలములు తడిసినతోడనే మన గ్రామములలో పాముల సంచారము హెచ్చును. కలుగులలోనికి నీరు చేరుటచే ఎలుకలు మెరకకు వచ్చును. వాని వెంట పాములును వచ్చును. గాదె, గడ్డివామి, పిడకల గూడు, కట్టెల మోపు ఉన్నచోట ఎలుక యుండును. ఎలుక యున్నచోటికి పాము వచ్చును. కావున పాము మనలను వెదకుకొని మన యింటికి వచ్చునది కాదు. తన యాహారమును వెదకుకొని వచ్చునది. ఈ సంగతి గ్రహించిన రైతునకు సగము భయము తీరును. ఏ పాము ఎట్టిదో గుర్తింప నేర్చినచో తక్కిన సగము తీరును.

ఐనను ఇది తేలికగా తీసికొనదగిన విషయము కాదు. 2000 మొదలు 2019 వరకు గల ఇరువది సంవత్సరములలో మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షల మంది మరణించిరని, అనగా సగటున ఏటికి 58,000 మంది యని, 2020లో వెలువడిన యొక పరిశోధన అంచనా వేసినది. వీరిలో అత్యధికులు పల్లెలవారు. మరణములలో దాదాపు సగము జూను, సెప్టెంబరు నెలల నడుమ జరిగినవే. మరణములు హెచ్చుగా గల రాష్ట్రములలో నప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమును ఒకటి. కావున ఈ నష్టమును భరించుచున్నది ముఖ్యముగా సేద్యగాండ్ర కుటుంబములే యని చెప్పవలసియున్నది.

ప్రాణాపాయకరములగు నాలుగు జాతులు

మన దేశమున మూడు వందలకు పైగా పాము జాతులు కలవు. వానిలో అధిక భాగము మనుష్యునకు హాని చేయజాలనివి. మన ప్రాంతములలో ప్రాణములు తీయునవి ముఖ్యముగా నాలుగు జాతులే. వీనిని ప్రతి యింటిలోని పెద్దలును, పిల్లలును ఎరిగియుండవలెను.

1. నాగుపాము. దీనినే తాచుపాము అందురు. పడగయు, పడగమీది కండ్లజోడు వంటి గుర్తును అందరెరిగినవే. కాని కొన్నిటికి ఆ గుర్తు స్పష్టముగా నుండదు. మఱియు బెదరనప్పుడు ఇది పడగ విప్పదు. అప్పుడు చూచువారు జెర్రిపోతని పొరబడుదురు. జెర్రిపోతునకు కన్ను పెద్దది; మెడ సన్నము; పెదవుల పొలుసుల నడుమ నల్లని గీతలుండును; వెనుక భాగమునను తోకయందును నల్లని అడ్డచారలు కానవచ్చును. అది ఏడెనిమిది అడుగుల వరకు పెరుగును. నాగుపాము సాధారణముగా మూడు మొదలు అయిదు అడుగుల లోపుగా నుండును. దీని కాటున నొప్పియు వాపును కలుగును. పిమ్మట కనురెప్పలు వాలి, మాట తడబడి, ఊపిరి కష్టమగును.

2. కట్లపాము. ఈ నాలుగింటిలోను ఇంటివారు మిక్కిలి భయపడవలసినది ఇదియే. నిగనిగలాడు నలుపు లేక నీలి నలుపు దేహముపై సన్నని తెల్లని కట్లు, తరచుగా జంటజంటలుగా నుండును. ఆ కట్లు తలవైపున మసకగా నుండి, తోకవైపునకు పోయినకొలది స్పష్టమగును. వెన్నెముక వెంబడి నడుమనుండు పొలుసులు ఇరుప్రక్కల వానికంటె పెద్దవి. పగలు మందకొడిగా ముడుచుకొని పడియుండును; రాత్రి మేతకు బయలుదేరును.

ఇది చేయు కీడంతయు చీకటిలోనే. నేలపై చాప పరచుకొని నిద్రించువారి ప్రక్కకు చేరి, వారు కదలినప్పుడు కరచును. కాటు చీమ కుట్టినంతగానైనను తెలియకపోవచ్చును, గాటు కంటికి కానరాకపోవచ్చును, వాపు ఉండదు. కొన్ని గంటలకు కడుపునొప్పి, వాంతి, పిమ్మట రెప్పలు వాలుట, మ్రింగలేకపోవుట, ముక్కుతో మాటలాడినట్లు పలుకుట కలుగును. నేలపై పరుండిన బిడ్డ తెల్లవారుజామున లేచి కడుపునొప్పి యనుచు రెప్పలెత్తలేకున్నచో, అజీర్ణమని వాము నీళ్లిచ్చి కూర్చుండరాదు. పాము కనబడకున్నను, గాటు లేకున్నను, కట్లపాము కాటని యనుమానించి తత్క్షణమే ఆస్పత్రికి గొనిపోవలెను. ఈ యొక్క సంగతి తెలియక పోయిన ప్రాణములు అనేకములు.

కట్లపామును బోలిన పిల్లపాము వంటిది మఱియొకటి ఇండ్లలో గోడలెక్కుచు బల్లులను తినుచుండును. దానికి విషము లేదు. దాని రంగు గోధుమ. చారలు మెడవద్ద స్పష్టముగా నుండి తోకవైపు మాసిపోవును. అనగా కట్లపాము క్రమమునకు ఇది తలక్రిందు. ఐనను దీపపు వెలుతురున ఈ భేదము కనుగొనుట కష్టము గనుక చేతితో తాకి పరీక్షింపబోరాదు.

3. రక్తపింజరి. లావైన దేహము, మెడకంటె చాల వెడల్పైన ముక్కోణపు తల, వీపుపై గొలుసువలె మూడు వరుసల గోధుమరంగు మచ్చలు దీని గుర్తులు. కదిలించినచో కొలిమితిత్తివలె బిగ్గరగా బుసకొట్టును. వరిచేలు, గట్లు, గడ్డిదుబ్బులు దీని నివాసము. కోతకాలమున కాళ్లకును చేతులకును కాటు వేయుచుండును. ఇది గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును. ఒక్క యీతలో ఇరువది, ముప్పది పిల్లలుండుట కలదు. దీని విషముచే వాపు వేగముగా ప్రాకును, రక్తము గడ్డకట్టు గుణము నశించును, చిగుళ్లనుండియు మూత్రమునను రక్తము కానవచ్చును, మూత్రపిండములు చెడును. పూడుపామును చూచి రక్తపింజరి యని జనులు భ్రమపడుదురు. పూడుపాము తోక పొట్టిగా మొద్దుగా నుండును. మచ్చలు వంకరటింకరగా కలిసిపోయియుండును. దానికి విషము లేదు.

4. చిన్నపింజరి. రాయలసీమ వంటి మెట్టప్రాంతములలో రాళ్లక్రిందను, ఇసుకనేలలందును ఉండును. పొడవు సాధారణముగా రెండడుగులకు లోపే. తలపై పక్షి పాదమువంటి గుర్తు కలదు. బెదరినప్పుడు చుట్టలు చుట్టుకొని పొలుసులనొకదానితో నొకటి రాచి, రంపము కోసినట్లు గరగర చప్పుడు చేయును. చిన్నదని ఉపేక్షింపరాదు; దీని విషమును రక్తమునే చెరచును.

వీనిని గూర్చిన శాస్త్రమునకు మన తెలుగు సీమతో పాత సంబంధము కలదు. తూర్పు ఇండియా కంపెనీ కాలమున విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమాండల్ తీరపు పాములను సేకరించి, వానికి మన జనులు వాడు తెలుగు పేర్లను వ్రాసికొని, 1796లో గ్రంథము ప్రకటించెను. రక్తపింజరికి ఆంగ్లమున అతని పేరే పెట్టిరి. కట్లపాము జాతి శాస్త్రనామమగు ‘బంగారస్’ మన ‘బంగారు’ శబ్దమునుండి పుట్టినదే.

రైతునకు మేలు చేయునవి

జెర్రిపోతు ఎలుకలకు పరమశత్రువు. దీనిని చంపిన రైతు తన గాదెకు కావలి కాయువానిని చంపుకొన్నట్లే. దీని తోకలో విషము గలదనుటయు, ఆవుల పొదుగున పాలు త్రాగుననుటయు, ఇది నాగుపాముతో జతగట్టుననుటయు నిజములు కావు. రెండు జెర్రిపోతులు పెనవైచుకొని లేచుట మగవాని పోరాటము. నీరుకట్టె చెరువులలో చేపలను, కప్పలను తినును. బెదరించినచో కరచును గాని విషము లేదు. పసిరికపాము కన్నులను పొడుచుననుట కట్టుకథ. దాని స్వల్పవిషము ప్రాణము తీయునది కాదు. గుడ్డిపాము వానపామువలె నుండి చీమల గ్రుడ్లను, చెదలను తినును.

ఉడుము, తొండ, నలికిరి, బల్లి – వీనిలో దేనియందును మనుష్యుని చంపు విషము లేదు. బల్లి పడిన కూర పారవేయవలసినదే. కాని కారణము బల్లి విషము కాదు, దాని దేహముననుండు సూక్ష్మక్రిములు. నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు, కొండచిలువ, ఉడుము మొదలగువానిని పట్టుటయు, చంపుటయు, అమ్ముటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరములు. రెండు తలల పామని పూడుపామును లక్షలకు కొందుమని వచ్చువారు మోసగాండ్రు, వారిని నమ్మరాదు.

కాటు పడినప్పుడు

మంత్రముచేతను, పసరుచేతను బ్రదికినవారు ఊరికిద్దరు ముగ్గురు కలరని పలువురు వాదింతురు. వారు బ్రదికినమాట నిజమే. కాని కరచిన పాములలో విషము లేనివే హెచ్చు. విషసర్పము కరచినప్పుడును ఒక్కొక్కసారి విషము ఎక్కింపదు. అట్టివారు ఏ చికిత్స లేకున్నను బ్రదుకుదురు. పేరు మాత్రము మంత్రమునకు వచ్చును. నిజముగా విషమెక్కిన వానికి అక్కడ గడిపిన ప్రతి గడియయు నష్టమే. కావున ఈ క్రింది విధముగా నడచుకొనవలెను.

(అ) కాటు తినినవానికి ధైర్యము చెప్పి పరుండబెట్టవలెను, నడిపింపరాదు, పరుగెత్తింపరాదు.
(ఆ) ఉంగరములు, మెట్టెలు, గాజులు, కడియములు వాపు రాకముందే తీసివేయవలెను.
(ఇ) కరచిన కాలికి గాని చేతికి గాని బద్దకట్టి, విరిగిన ఎముకకు కట్టినట్లు కదలకుండ నుంచవలెను. త్రాటితో బిగించి కట్టరాదు. రక్తమాడక అవయవము కుళ్లును.
(ఈ) కోయుట, నోట పీల్చుట, కాల్చుట, మంచుగడ్డ పెట్టుట కూడదు.
(ఉ) 108కి ఫోను చేసి, లేదా దొరికిన బండిలో, విషహరమగు సూదిమందు గల ఆస్పత్రికి చేర్చవలెను. కాటు పడిన వేళ గుర్తుంచుకొనవలెను.
(ఊ) పామును వెదకి చంపుటకై కాలము వృథా చేయరాదు. చచ్చిన పాము తలయు కొంతసేపు కరవగలదు. దూరమునుండి ఛాయాచిత్రము దొరికిన మంచిదే. దొరకకున్నను లక్షణములను బట్టి వైద్యులు చికిత్స చేయుదురు.

ఆస్పత్రిలో కొంచెము రక్తమును గాజుగొట్టమున పోసి ఇరువది నిమిషములు కదలింపక యుంచుదురు. అది గడ్డకట్టకున్నచో పింజరి విషమని యనుమానింతురు. ఇది ఆలస్యము కాదు, అవసరమైన పరీక్ష. మొదట ఎనిమిది మొదలు పది సీసాల మందు నరమునకు ఎక్కించుట వాడుక. మందు నాలుగు జాతులకును ఒకటే. కట్లపాము విషమునకు మందుతోపాటు యంత్రముచే ఊపిరి పోయింపవలసి రావచ్చును. ఆ సాయము సకాలమున దొరికినచో రోగి పూర్తిగా కోలుకొనును.

ఈ మందు గుఱ్ఱములకు కొద్దికొద్దిగా విషము ఎక్కించి, వాని రక్తమునుండి తయారు చేయుదురు. దానికి వలయు విషమును చెన్నపట్టణము చెంత వడనెమ్మెలిలో ఇరుళ తెగవారి సహకార సంఘము చిరకాలముగా సమకూర్చుచు వచ్చినది. తోళ్ల వ్యాపారము నిషేధింపబడి జీవనము పోయిన ఆ పాముల వేటగాండ్రు 1978లో సంఘముగా ఏర్పడి, అనుమతితో పాములను పట్టి, విషము తీసి, మరల అడవిలో విడుచు పద్ధతి నవలంబించిరి. సహకారము ప్రాణములను నిలుపు విధమునకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

ఇంటియందు జాగ్రత్తలు

నేలపై పరుండక మంచముపై పరుండవలెను. మంచము లేనివారు దోమతెర కట్టి, దాని అంచులను పరుపు లేక చాప క్రిందికి మడిచి దోపవలెను. దోమతెర దోమనేగాక కట్లపామునుగూడ ఆపును. ఇంత చౌకయైన రక్ష మఱియొకటి లేదు. రాత్రి దొడ్డికి పోవునప్పుడు టార్చిలైటు, చేతికఱ్ఱ తప్పక ఉండవలెను. కట్టెలు, పిడకలు, గడ్డి ఇంటిగోడకు దూరముగా పేర్చవలెను. వానిలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదపవలెను. గోడల కన్నములు పూడ్చవలెను. తూములకు జల్లెడ వేయవలెను. ఎంగిలి మెతుకులు, ఒలికిన గింజలు ఎలుకలను పిలుచును గనుక ఊడ్చివేయవలెను. కోతకును కలుపునకును పోవువారు మోకాటివరకు బూట్లు తొడుగుట మేలు. పాము ఇంట జొరబడినచో పిల్లలను, పశువులను దూరముగా నుంచి, పదియడుగుల ఎడమునుండి దానిపై కన్నుంచి, అటవీశాఖవారికి తెలుపవలెను.

సంఘములు చేయదగినది

ప్రతి సంఘమును వానలకు ముందే సమీపమున విషహరౌషధము ఏ ఆస్పత్రిలో నున్నదో విచారించి, ఆ పేరును, ఫోను నంబరును, రాత్రివేళ దొరకు బండివాని పేరును కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. దోమతెరలు, టార్చిలైట్లు, బూట్లు ఎరువులవలెనే టోకున తెప్పించి సభ్యులకు అసలు ధరకు ఇయ్యవచ్చును. విత్తనములకై ముందుగా సమకూర్చుకొను మనము ప్రాణములకై ముందుగా సమకూర్చుకొనకుండుట న్యాయము కాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు పెట్టవలసినదిగా పంచాయతుదారులను కోరుచున్నాము.