ఇంజనీరు, గోల్‌కీపర్, ఆ తర్వాత మైకు

మన క్యాంపస్‌లో ఏ సీనియరైనా "బీటెక్ అయ్యాక వేరే లైన్‌లోకి వెళ్తా" అన్నాడంటే వెంటనే వినిపించే మాట ఒకటే: "మరి నాలుగేళ్ల డిగ్రీ వేస్టేనా?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు షాకా హిస్లప్ గుర్తొస్తాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు, నాసాలో ఇంటర్న్‌షిప్ చేశాడు, ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో గోల్‌కీపర్ అయ్యాడు, రిటైరయ్యాక ఈఎస్‌పీఎన్‌లో ఫుట్‌బాల్ విశ్లేషకుడయ్యాడు. పైకి చూస్తే ఇవన్నీ దేనికదే. కానీ గోల్‌కీపర్ అసలేం చేస్తాడో అర్థమైతే, అక్కణ్నుంచి మైకు దగ్గరికి పెద్ద దూరం లేదని తెలుస్తుంది.

హిస్లప్ 1969లో లండన్‌లో పుట్టి, ట్రినిడాడ్‌లో పెరిగాడు. చదువు అమెరికాలో, వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో. 1988లో ఆ యూనివర్సిటీ టీమ్ అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ ఫైనల్ దాకా వెళ్లింది. 1992లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ క్లబ్‌లో చేరాడు. 1995లో న్యూకాజిల్ అతన్ని 15 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చి కొనుక్కుంది. ఆ సీజన్‌లో న్యూకాజిల్ చాలాకాలం టాప్‌లో ఉండి, చివరికి మాంచెస్టర్ యునైటెడ్ వెనకాల రెండో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ తర్వాత వెస్ట్ హామ్, పోర్ట్స్‌మత్, మళ్లీ వెస్ట్ హామ్.

ఇప్పుడు కొంచెం లెక్క. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ కొట్టేది 11 మీటర్ల నుంచి. బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తే గీత దాటడానికి 0.4 సెకను పడుతుంది. అందులో సగం మన కళ్లూ మెదడూ స్పందించడానికే పోతుంది. అంటే ఒట్టి రిఫ్లెక్స్‌ని నమ్ముకుంటే పని జరగదు. బంతి కొట్టకముందే సరైన చోట నిలబడి ఉండాలి.

దీనికి పదో తరగతిలో చదివిన సరూప త్రిభుజాలు చాలు. గోల్‌కి ఎదురుగా 16 మీటర్ల దూరం నుంచి ఒకడు కొట్టబోతున్నాడనుకుందాం. కీపర్ గీత మీదే ఉంటే కాపాడాల్సిన వెడల్పు మొత్తం 7.32 మీటర్లు. నాలుగు మీటర్లు ముందుకొస్తే అది సుమారు 5.5 మీటర్లకు తగ్గుతుంది. అలాగని మరీ ముందుకొస్తే తల మీంచి బంతి లేపి వేస్తారు. ఎంత ముందుకు, ఎప్పుడు అన్నది ప్రతి క్షణం మారుతూనే ఉంటుంది. కీపర్ ఊరికే నిలబడ్డట్టు మనకి కనిపించే టైములో నిజానికి చేస్తున్నది ఈ సర్దుబాటే.

రెండో సగం పని నోటితో. మైదానం మొత్తం ఎదురుగా కనిపించేది అతనొక్కడికే. డిఫెండర్ బంతిని చూస్తుంటే, వాడి వెనకాల ఎవడు జారుకుంటున్నాడో వాడికి తెలీదు. కీపర్ అరవాలి. అదీ ఒకటి రెండు మాటల్లో. క్రికెట్‌లో స్టంప్ మైక్‌లో వికెట్ కీపర్ గొంతు వింటుంటాం కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఒక్క సెకను లేటైతే గోల్.

ఇంత చేసినా కొన్నిసార్లు ఏమీ మిగలదు. 2006 మే 13న ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో వెస్ట్ హామ్ 3-2తో గెలుపు అంచున ఉంది. ఇంజురీ టైమ్ మొదలైంది. లివర్‌పూల్ కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ 30 మీటర్లకు పైగా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా వలలో పడింది. స్కోరు 3-3. షూటౌట్‌లో హిస్లప్ ఒక పెనాల్టీ ఆపాడు కానీ, వెస్ట్ హామ్ ఓడిపోయింది.

నెల తిరక్కుండానే జర్మనీలో వరల్డ్ కప్. దాదాపు 13 లక్షల జనాభా ఉన్న ట్రినిడాడ్ అండ్ టొబాగో, అప్పటిదాకా వరల్డ్ కప్‌కి వచ్చిన దేశాలన్నింట్లోకీ చిన్నది. మొదటి మ్యాచ్ స్వీడన్‌తో. ఆడాల్సిన కీపర్ కెల్విన్ జాక్ వార్మప్‌లో గాయపడటంతో 37 ఏళ్ల హిస్లప్ అప్పటికప్పుడు దిగాడు. రెండో సగం మొదట్లోనే తన టీమ్‌లో ఒకడికి రెడ్ కార్డ్. ఎదురుగా ఇబ్రహిమోవిచ్, లార్సన్. అయినా మ్యాచ్ 0-0తో ముగిసింది. ఆ దేశానికి అదే మొట్టమొదటి వరల్డ్ కప్ పాయింట్.

కానీ హిస్లప్ గురించి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక పెట్రోల్ బంకు దగ్గర జరిగిన సంగతి. న్యూకాజిల్‌లో ఆడుతున్న రోజుల్లో ఒక రాత్రి పెట్రోల్ కొట్టించుకుంటుంటే, అవతల ఉన్న కుర్రాళ్లు అతని రంగును చూసి తిట్టడం మొదలుపెట్టారు. అంతలో వాళ్లలో ఒకడు గుర్తుపట్టాడు. ఇంకేముంది, తిట్లు ఆగిపోయాయి. ఆటోగ్రాఫ్ కోసం దగ్గరికొచ్చారు.

అదే మనిషి, అదే రంగు. మధ్యలో మారిందల్లా అతను ఫేమస్ అని తెలియడమే. మరి గుర్తుపట్టడానికి ఎవరికీ పేరు తెలియని మనిషి సంగతేంటి? హిస్లప్ దీన్ని మనసులో పెట్టుకుని ఊరుకోలేదు. 1996లో మొదలైన 'షో రేసిజం ది రెడ్ కార్డ్' అనే సంస్థకి మొదట్లోనే విరాళం ఇచ్చాడు, స్కూళ్లకి వెళ్లి పిల్లలతో మాట్లాడాడు, తర్వాత దానికి గౌరవ అధ్యక్షుడయ్యాడు. తన వెనకాల వస్తున్న ప్రమాదం డిఫెండర్‌కి కనిపించనట్టే, తమలో ఉన్న వివక్ష చాలామందికి కనిపించదు. చూసినవాడు చెప్పాలి.

2007లో అమెరికాలోని ఎఫ్‌సీ డాలస్‌తో ఆట ముగించి, టీవీ వైపు వచ్చాడు. మ్యాచ్ ప్రసారంలో సాధారణంగా రెండు గొంతులుంటాయి. ఒకరు ఏం జరుగుతోందో చెప్తారు. మాజీ ఆటగాడు అది ఎందుకు జరిగిందో చెప్తాడు. రెండోవాళ్లకి దొరికేది రీప్లే నడిచే కొన్ని సెకన్లే. కెమెరా బంతి వెంట పరిగెడుతుంది. కానీ గోల్‌కి కారణం తరచుగా బంతి లేని చోట ఉంటుంది: మూడు పాస్‌ల ముందు ఒకడు తన మనిషిని వదిలేసి ఉంటాడు. ఆ చోటుని చూడటం కీపర్‌కి ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. ఈ దారిలో నడిచింది హిస్లప్ ఒక్కడే కాదు. 1971లో ఆర్సెనల్‌తో లీగ్, కప్ రెండూ గెలిచిన కీపర్ బాబ్ విల్సన్ ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు బీబీసీలో 'ఫుట్‌బాల్ ఫోకస్' నడిపాడు. జర్మనీ కీపర్ ఆలివర్ కాన్ కూడా టీవీలో విశ్లేషకుడిగా చేశాడు.

2023 జులై 23న కాలిఫోర్నియాలో రియల్ మాడ్రిడ్, మిలాన్ మ్యాచ్‌కి ముందు హిస్లప్ లైవ్‌లో మాట్లాడుతూ ఉన్నట్టుండి కుప్పకూలాడు. చూసినవాళ్లందరికీ గుండె ఆగినంత పనైంది. అదృష్టం కొద్దీ కోలుకున్నాడు. తనే వీడియోలో కనిపించి, చూసుకున్నవాళ్లకి థ్యాంక్స్ చెప్పాడు.

అతని ఇంజనీరింగ్ వేస్టయిందా? నాకలా అనిపించదు. ఎక్కడ నిలబడితే మొత్తం కనిపిస్తుందో వెతుక్కోవడం, కనిపించింది అవతలివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం మనకి ఏ ఉద్యోగంలోనైనా కావాల్సినవే. ఈసారి ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టినప్పుడు ఒక్క అయిదు నిమిషాలు బంతిని వదిలేసి, స్క్రీన్ మీద కనిపించినప్పుడల్లా కీపర్‌నే చూడండి. కాళ్లు ఎటు కదుపుతున్నాడు, ఎవరి మీద అరుస్తున్నాడు అని.